పొగ లేచే పాత్ర, ఆకుల కొమ్మ, హీబ్రూ రాత: ఈ పతకం ఏమిటి?

ప్రశ్న:
అడ్డకొలత 33 మి.మీ., బరువు 18.20 గ్రాములు, బూడిదరంగు లోహం. ఒకవైపు పాత్ర, దాని మీద పొగ. రెండోవైపు గుబురుగా ఆకులున్న కొమ్మ. రెండు వైపులా చుట్టూ హీబ్రూ అక్షరాలు, పైన తాడు దూర్చేంత రంధ్రం. యెరూషలేము దేవాలయం నాటి షెకెల్ (యూదుల పాత వెండి నాణెం) అయ్యే అవకాశం ఉందా?

జవాబు 1:
లేదండీ. రోమ్ మీద తిరుగుబాటు కాలంలో, అంటే క్రీ.శ. 66–70 మధ్య, యూదులు కొట్టిన షెకెల్ దాదాపు 14 గ్రాముల మంచి వెండి. దాని మీద కాడ ఉన్న గిన్నె, వెనక ఒకే కాడకు మూడు దానిమ్మ మొగ్గలు ఉంటాయి. పొగ ఉండదు. గిన్నె పైన మాత్రం తిరుగుబాటు ఎన్నో ఏడో చెప్పే అక్షరం ఉంటుంది.

అన్నిటికన్నా గట్టి ఆధారం లిపి. రాతలో ఉండే "ఇజ్రాయెల్" అన్న మాట కుడి నుంచి యోద్ అక్షరంతో మొదలవుతుంది. అసలు నాణెం మీద ప్రాచీన లిపి కాబట్టి యోద్ మిగతా అక్షరాలంత పెద్దగా, గీతలు గీతలుగా కనిపిస్తుంది. మీ పతకం మీద అది పైన వేలాడే చిన్న కొక్కెంలా ఉంటే, అది నేటి హీబ్రూ బైబిళ్లలో వాడే చదరపు లిపి. ఆ తిరుగుబాటు నాణేల మీద ఆ లిపి లేదు.

జవాబు 2:
దీన్ని గోర్లిట్స్ షెకెల్ అంటారు. జర్మనీలోని గోర్లిట్స్‌లో 1481–1504 మధ్య క్రీస్తు సమాధికి నమూనా కట్టారు. 1465లో యెరూషలేము వెళ్లివచ్చిన గేయోర్గ్ ఎమ్మెరిష్ పేరు దానితో ముడిపడి ఉంది. ఈ పతకాలను అక్కడి యాత్రికులు జ్ఞాపికగా కొనుక్కునేవారని చెబుతారు. అక్కడి నుంచే ఆ పేరు. యేసును పట్టిచ్చినందుకు యూదా ఇస్కరియోతు పుచ్చుకున్న ముప్పది వెండి నాణెములు ఇవేనని నమ్మినవారూ ఉన్నారు. కొమ్మను అహరోను చిగిర్చిన కర్రగా (సంఖ్యాకాండము 17), పాత్రను ధూపపాత్రగానో, మన్నా (బైబిల్లో ఆకాశం నుంచి కురిసిన ఆహారం) ఉంచిన పాత్రగానో చెప్పుకున్నారు.

అయితే ఇలాంటివి తర్వాతి శతాబ్దాల్లోనూ పోతపోస్తూనే వచ్చారు. పోతకు పోత తీసినకొద్దీ అక్షరాల అంచులు మొద్దుబారతాయి, లోహం చల్లబడి కుదించుకోవడంతో కొలత కొంచెం తగ్గుతుంది. అందుకే గోర్లిట్స్ రకం అని ధైర్యంగా రాసుకోండి, శతాబ్దం మాత్రం ఊహించి రాయకండి.

జవాబు 3:
లోహం తేల్చడం తేలికే. 0.01 గ్రాము చూపే త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. పతకాన్ని సన్నని దారంతో నీళ్లలో పూర్తిగా మునిగేలా, అడుగుకూ గోడకూ తగలకుండా వేలాడదీయండి. పతకం బరువును అప్పుడు త్రాసు చూపే అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది. తగరం 7.3, వెండి 10.5, సీసం 11.3. అక్షరాల సందుల్లో గాలి బుడగలు ఇరుక్కుంటే లెక్క తక్కువకు పడిపోతుంది, మెత్తటి కుంచెతో వదిలించండి.

అడిగినవారు:
యోద్ చిన్న కొక్కెమే. నీళ్లలో 2.48 చూపింది, అంటే 7.34.

జవాబు 3:
అయితే ప్రధానంగా తగరమేనండీ. దయచేసి మెరుగు పెట్టకండి: ఆ మెత్తటి లోహం మీద అక్షరాలు ఇట్టే అరిగిపోతాయి. రంధ్రం అంచులు మాత్రం భూతద్దంతో చూడండి. పోతలోనే వచ్చిందైతే గుండ్రంగా, నున్నగా ఉంటుంది. తర్వాత పొడిచిందైతే వెనకవైపు లోహం పైకి లేచి ఉంటుంది.