అద్దాలు పెట్టుకునేటోళ్లకు చెవి నొయ్యని హెడ్‌ఫోన్ ఏది? బడ్జెట్ 1,500

రీడింగ్‌రూం_హన్మకొండ:
గ్రూప్-2కు చదువుతున్న. నయీంనగర్‌ల రోజుకు ఐదారు గంటలు ఆన్‌లైన్ క్లాసులు వింట. చెవిల దూర్చే ఇయర్‌ఫోన్లతోని లోపల పుండై, డాక్టరమ్మ అవి బంద్ చేయమన్నది. చెవి మీద ఆనే హెడ్‌ఫోన్ ఒకటి తెప్పించిన. గంట తిరగకముందే అద్దాల కాడ చెవికి ఒత్తుకుపోయి ఒకటే సలుపు. వాపస్ ఇచ్చిన. మీరందరు ఏం వాడుతున్నరు?

కాజీపేట_ప్యాసింజర్:
తమ్మీ, వైరుది నడుస్తదా? సోనీ జెడ్ఎక్స్110 నాలుగేండ్ల సంది వాడుతున్న. 120 గ్రాములే. సికింద్రాబాద్ పోయి వచ్చే రోజుల్ల రెండు పూటలా నెత్తి మీదనే ఉంటది. ఛార్జింగ్ రంది లేదు. మెత్తల మీది రెక్సిను మాత్రం పొట్టు లేచింది, కొత్తయి తెప్పించి వేసుకున్న.

మంచిర్యాల_అక్క:
తమ్ముడూ, గ్రాములు ఒక్కటే చూసి కొనకు. నేను ఇంట్ల కూసొని ఆడియో టైపింగ్ చేస్త, ఎనిమిది గంటలు పెట్టుకునే ఉంట. చెవిని నొప్పించేది బరువు కంటే ఎక్కువ బిగువు. తేలికగ ఉన్నది జారిపోవద్దని కొన్నిటికి పట్టీ గట్టిగ బిగిస్తరు. ఆ బిగువంతా అద్దాల కాడ మీద పడి, కాడ చెవి వెనక ఎముకకు గుచ్చుకుంటది. నేను మందపాటి ప్లాస్టిక్ ఫ్రేము తీసేసి సన్నటి తీగ ఫ్రేము వేయించుకున్న, సగం బాధ ఆన్నే పోయింది.
బిగువు తగ్గాలంటే, పట్టీల లోపల స్టీలు రేకు ఉన్నదైతే, మన తలకంటే కొంచెం వెడల్పున్న పుస్తకాల దొంతికి రాత్రంతా తొడిగి పెట్టు. ఒక్కసారే గుంజకు. ఒట్టి ప్లాస్టిక్‌ది అట్ల చేసి నేనే ఒకటి ఇరగ్గొట్టుకున్న.

కరీంనగర్_పాటలు:
తేలికదనం అంటే కాస్ పోర్టా ప్రో గురించి చెప్పాలె. 1984ల వచ్చిన డిజైను, ఇప్పటికీ అమ్ముతున్నరు. స్పాంజి మెత్తలు, చెవి పైన కణతలకు ఆనే మెత్తలు వేరే, బిగువు మార్చుకునే మీట కూడా ఉంటది. పాటలకు నాకు ప్రాణం. కాని నీ బడ్జెట్ దాటుతది, పైగా వెనక తెరిచి ఉంటది కాబట్టి నీ క్లాసు పక్కోడు కూడా వింటడు. రీడింగ్ రూంకు వద్దు.

రీడింగ్‌రూం_హన్మకొండ:
అక్కా, నాది మందపాటి ఫ్రేమే! అన్నా, నా ఫోనుకు గుండ్రటి జాక్ లేదు, టైప్-సీ ఒక్కటే. బ్లూటూత్ తీసుకోవాల్నా?

కాజీపేట_ప్యాసింజర్:
టైప్-సీ కన్వర్టర్ కొనుక్కో, సరిపోతది. షాపులనే నీ ఫోనుకు పెట్టి చూడు, కొన్ని కన్వర్టర్లు కొన్ని ఫోన్లకు పని చేయవు. బ్లూటూత్‌ల సోనీ సీహెచ్520 147 గ్రాములు, 50 గంటల బ్యాటరీ. మంచిదే, కాని నీ పైసలకు అందదు.

మంచిర్యాల_అక్క:
ఇంకో మాట. మే నెలల మన దిక్కు ఎండకు రెక్సిను మెత్తలు చెమటతోని అంటుకుపోతయి. పాత నూలు బనీను గుడ్డతోని పల్చగ తొడుగు కుట్టుకో, రెండు రోజులకోసారి ఉతుక్కోవచ్చు. సౌండు కూడా చూసుకో. 80 డెసిబెల్స్‌ల వారానికి 40 గంటలు వినొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటది, అదే 90కి పోతే 4 గంటలే. నువ్వు వినే గంటలకు ఇది చాలా ముఖ్యం. చెవి మీద ఆనేటివి బయటి చప్పుడు పెద్దగ ఆపవు, ఫ్యాను కింద కూసుంటే తెలియకుండనే పెంచుతం.

రీడింగ్‌రూం_హన్మకొండ:
చౌరస్త కాడ షాపుల అద్దాలతోనే పెట్టుకొని ఇరవై నిమిషాలు నిలబడ్డ, షాపాయన ఏమనలే. జెడ్ఎక్స్110, కన్వర్టర్ రెండూ తీసుకున్న, బడ్జెట్‌లనే అయింది. ఇయ్యాల మూడు గంటల క్లాసు విన్న. ఎడమ దిక్కు కొంచెం ఒత్తుతున్నది, రాత్రికి ఎకానమీ పుస్తకాల దొంతికి తొడుగుత. ఫ్రేము సంగతి వచ్చే నెల చూస్త అక్కా.