హాంకాంగ్ నుంచి లెన్స్ తెప్పించుకుంటే రేపు రిపేరుకి దిక్కెవరు?

కొంగలబాబు (శ్రీకాకుళం):

అందరికీ నమస్కారం. వారమంతా బ్యాంకులో కౌంటరు, ఆదివారం వస్తే బండేసుకుని తేలినీలాపురం, ఇదీ నా సంగతి. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చేశాయి, గూళ్లు కూడా కట్టేశాయి. నా 70-300 లెన్సుతో తీస్తే చెట్టు బ్రహ్మాండంగా వస్తోంది, పిట్ట మాత్రం ఆవగింజంత. అందుకని ఇంకా దూరం లాగే సోనీ 200-600 లెన్సు మీద మనసు పడింది. షాపులో బిల్లుతో 1,80,000 చెప్పారు. హాంకాంగ్ వాళ్ల సైటు ఒకదాంట్లో అదే లెన్సు 1,46,000. కస్టమ్స్ మేమే కడతాం, ఏడాది వారంటీ మాది అని పెద్ద పెద్ద అక్షరాలతో రాశారు. 34 వేలంటే మాటలా! మా ఆవిడకి చెప్పిన రేటు ఇంకా చాలా తక్కువ, అది వేరే కథ. ఇంకో దారి కూడా ఉంది, మా బావ సంక్రాంతికి సింగపూర్ నుంచి వస్తున్నాడు, అతని చేత తెప్పించుకోవడం. ఇలా కొన్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఈ వారంటీ అన్నది నిజంగా అక్కరకొచ్చేదేనా, మనమే ఊరికే టెన్షన్ పడుతున్నామా?

మూడులాంతర్ల స్టూడియో (విజయనగరం):

నేను కొన్నాను తమ్ముడూ, అనుభవించాను కూడా. సైటులో కాదు, ఒక పెద్ద సిటీ షాపులో, ‘ఇంపోర్టు పీసు’ అని ఇచ్చారు. లెన్సు కాదు, కెమెరా బాడీ. బిల్లు అడిగితే బిల్లయితే రేటు వేరే అన్నాడు. ఇంటికొచ్చి పెట్టె విప్పితే ఛార్జరు ప్లగ్గుకి మూడు పలకల పిన్నులు, మన సాకెట్లో దూరనే దూరవు. హాంకాంగ్‌లో వాడే రకమట. షాపువాడు దానికో అడాప్టరు ఫ్రీగా పడేసి పంపించాడు, నేను సంబరపడిపోయాను. బుర్ర అప్పుడే పనిచేసి ఉండాల్సింది.

ఎనిమిది నెలలు ఏ ఇబ్బందీ లేదు. సరిగ్గా పైడితల్లి అమ్మవారి తొలేళ్ల నాడు పొద్దున్నే షట్టరు సగంలో ఇరుక్కుపోయింది. తెర మీద ఎర్రర్, ఆపి వేస్తే టక్కుమని ఒక చప్పుడు, మళ్లీ అదే ఎర్రర్. మర్నాడు సిరిమాను ఉత్సవం. ఏడాది పొడుగునా ఎదురుచూసిన రోజున పాత కెమెరాతో కోట దగ్గర నిలబడ్డాను. సర్వీస్ సెంటరుకి తీసుకెళ్తే సీరియల్ నంబరు కొట్టి చూసి, ఇది ఇండియాలో అమ్మిన పీసు కాదండీ, వారంటీ రాదు, డబ్బులు కడితే చేస్తాం, పార్టు రావాలి అన్నారు. అతని తప్పేమీ లేదు, మర్యాదగానే చెప్పాడు. షాపువాడికి ఫోన్ చేస్తే వారంటీ కార్డు మాదే కదా, ఇక్కడ ఇచ్చి వెళ్లండి అన్నాడు. ఇస్తే వాళ్లకి తెలిసిన మెకానిక్ చేతిలో పెట్టారు. అయిదు వారాలు. ఈలోపు రెండు పెళ్లిళ్లకి అద్దె కెమెరా. మిగిలిందనుకున్నది అద్దెకే సరిపోయింది, పెళ్లివాళ్ల దగ్గర పోయిన పరువుకి లెక్క లేదు.

ఇంకో మాట, స్టూడియోలు నడిపేవాళ్ల కోసం. ఆ 1,80,000లో 18 శాతం జీఎస్టీ కలిసే ఉంది, విడదీస్తే 27,458. నీకు జీఎస్టీ నంబరు ఉండి, ఆ నంబరుతో బిల్లు తీసుకుంటే అది ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే నువ్వు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గింపుగా, వెనక్కొస్తుంది. అప్పుడు 34 వేల తేడా కాస్తా ఆరున్నర వేలవుతుంది. ఆరున్నర వేల కోసమా ఈ తంటా! కొంగలబాబూ, నీది ఉద్యోగం కాబట్టి ఈ లెక్క నీకు రాదు, అది నిజమే.

బారువ సరంగు:

నేను ఓడ మీద మనిషిని, రేవు రేవునా కెమెరా షాపులు చూసినవాణ్ణి. బావ సంగతి నేను చెప్తా. 2016 నాటి బ్యాగేజీ రూల్స్‌లో మనిషికి 50 వేల దాకా డ్యూటీ ఉండేది కాదు, దాటిన దాని మీద సర్‌ఛార్జితో కలిపి 38.5 శాతం పడేది. ఆ లెక్కన, సింగపూర్‌లోనూ నీ లెన్సు 1,46,000 అనుకుంటే, మిగతా 96 వేల మీద 36,960 పడేది. నువ్వు మిగుల్చుకుందామనుకున్న 34 వేల కంటే ఎక్కువ! అక్కయ్యది, పిల్లలది కోటా కలిపేద్దాం అనుకుంటారు, అలా ఒకే వస్తువు మీద అందరి కోటా కలపనివ్వరు. ఆ రూల్స్ 2026లో మారాయి కాబట్టి ఇప్పుడెంతో బయల్దేరే ముందు బావని ఒకసారి చూసుకోమను. సంచిలో కుక్కేసి, డ్యూటీ కట్టాల్సిందేమీ లేనివాళ్లు వెళ్లే గ్రీన్ ఛానెల్లో వచ్చేస్తాడులే అంటావా, పట్టుకుంటే పండగ పూట విమానాశ్రయంలో నిలబడేది అతను, నువ్వు కాదు.

బాడీ కొనేవాళ్లకి నా గోల ఒకటి. యోకొహామాలో ముచ్చటపడి ఒక సోనీ బాడీ కొన్నాను. గదికొచ్చి ఆన్ చేస్తే మెనూ అంతా జపనీసే. ఇంగ్లిష్ పెడదామని ఎంత వెతికినా లేదు, ఎందుకంటే లేదు గనక. జపాన్ లోపల అమ్ముకునే వాటిలో చాలావాటికి అంతే. ఎడం నుంచి మూడో బొమ్మ, కింద నాలుగోది అని గుర్తులు పెట్టుకుని రెండేళ్లు వాడాను.

కొంగలబాబు (శ్రీకాకుళం):

బావని రూల్స్ చూసుకోమంటాను, థాంక్స్ అన్నా. మరి సైటువాళ్లు కస్టమ్స్ మేమే కడతాం అంటున్నారు కదా, అందులో మెలిక ఉంటుందా?

పొందూరు దారం:

ఉంటుంది. కొరియరువాడు కేవైసీ అడిగేది నీ ఆధారో, పానో. అంటే కాగితాల్లో దిగుమతిదారుడివి నువ్వే. ఇలాంటి అమ్మకందార్లలో కొందరు పన్ను తగ్గించుకోవడానికి లక్షన్నర వస్తువుని పదిహేను వేలని రాసి పంపుతారు. దొరికితే నోటీసు నీ పేరున. పార్సిలు దారిలో పోతే రాసిన విలువకే గదా నష్టపరిహారం. గిఫ్ట్ అని రాస్తాం అంటే అసలే వద్దను, 2019 చివర్లోనే విదేశాల నుంచి గిఫ్టుల పేరుతో డ్యూటీ కట్టకుండా తెప్పించుకోవడం ఆపేశారు, రాఖీలకీ ప్రాణాలు నిలబెట్టే మందులకీ తప్ప.

కార్డుతో కడితే బ్యాంకు వేసే ఫారిన్ కరెన్సీ ఛార్జీ ఉంటుంది, నువ్వు బ్యాంకువాడివి, నీకు నేను చెప్పాలా. మూడు శాతం వేసుకుంటే 4,380, దాని మీద జీఎస్టీ 788. నీ 34 వేలు అప్పుడే 29 వేల లోపుకి దిగింది.

ఇక ‘ఏడాది వారంటీ మాది’ అన్న మాట. అది సోనీ మాట కాదు, అమ్మేవాడి మాట. ఆటోఫోకస్ మోటారు పోయిందనుకో, రెండు కిలోల పైన బరువున్న లెన్సుని నీ ఖర్చుతో హాంకాంగ్ పంపాలి. వెళ్లేటప్పుడు రిపేరుకి వెళ్తోందని సరైన కాగితాలు పెట్టకపోతే తిరిగొచ్చేటప్పుడు మళ్లీ డ్యూటీ అంటారు. వాడు చెయ్యనన్నాడనుకో, 2019 వినియోగదారుల చట్టం కింద మనం ఉన్న జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు, 1915కి ఫోన్ కొట్టొచ్చు, అంతా మంచిదే, కానీ హాంకాంగ్‌లో ఒక గదిలో కూర్చున్నవాడు శ్రీకాకుళం వాయిదాకి వస్తాడా? అదే షాపు విశాఖలోనో విజయనగరంలోనో ఉంటే కథ వేరు. అమెరికాలో అయితే నికాన్ వాళ్లు గ్రే మార్కెట్ వస్తువుని, అంటే ఇలా కంపెనీ దారిలో కాకుండా వేరే దేశం నుంచి వచ్చినదాన్ని, డబ్బులిస్తామన్నా రిపేరు చెయ్యరు. మన దగ్గర ఇంకా నయం.

ఇక్కడి షాపులో కొన్నా కళ్లు మూసుకుని కొనకు. పెట్టె మీద స్టిక్కరు చూడు. దిగుమతి చేసిన కంపెనీ పేరు, అడ్రసు, ఎమ్మార్పీ, ఫిర్యాదు చేయడానికి నంబరు ఉండాలి, ఇది చట్టం. స్టిక్కరు లేదంటే దొడ్డిదారి సరుకే. బిల్లు మీద జీఎస్టీ నంబరు తీసుకుని పోర్టల్లో కొట్టి చూసుకో, మన రాష్ట్రం షాపయితే 37తో మొదలవుతుంది. బిల్లులో లెన్సు సీరియల్ నంబరు రాయించుకో, చాలామంది ఇదే మర్చిపోతారు.

బారువ సరంగు:

వారంటీ వారంటీ అంటున్నారు గానీ మన తీరంలో లెన్సులని తినేసేది ఫంగస్. దానికి ఏ దేశపు వారంటీ కూడా రాదు. ఇసక దూరినా అంతే. కళింగపట్నం బీచిలో ఒక్క సాయంత్రం తిప్పి, తుడవకుండా సంచిలో పడేసి, వానాకాలమంతా అలమరాలో ఉంచితే చాలు. ముందు గట్టిగా మూత పడే డబ్బా, సిలికా జెల్ కొనుక్కో.

కొంగలబాబు (శ్రీకాకుళం):

అందరికీ దండాలు. నిన్న రాత్రి సైటువాడికి మెసేజి పెట్టాను, పాడైతే ఎక్కడికి పంపాలి, పంపే ఖర్చు ఎవరిది అని. హాంకాంగ్ అడ్రసు పెట్టాడు, ఖర్చు మాత్రం నాదేనట. ఆ సైటు మూసేశాను. విశాఖలో ఒకాయన ఇదే లెన్సు అమ్ముతున్నారు, ఏడు నెలల కిందట కొన్నది, ఒరిజినల్ బిల్లు ఉంది, 1,38,000 అంటున్నారు. ఏమంటారు?

మూడులాంతర్ల స్టూడియో (విజయనగరం):

ఆ రేటు బానే ఉంది, ఇంకో అయిదు వేలు తగ్గించమను. బిల్లు జిరాక్సు కాదు, అసలుదే తీసుకో. వారంటీ మొదట కొన్నవాడికేనా, చేతులు మారినా వస్తుందా అన్నది కార్డు మీద చదువు. ఫోన్ టార్చి వెనక నుంచి కొట్టి ముందు నుంచి చూడు, సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తే నమస్కారం పెట్టి వచ్చెయ్. జూమ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పు, ఇసక గరగరమనకూడదు. 600 దగ్గర పెట్టి దూరంగా ఉన్న బోర్డొకటి ఫోకస్ చేసి చూడు. వచ్చే శనివారం నాకు విశాఖలో పనుంది, తొందర లేదంటే ఆగు, నేనూ వస్తా.