అప్‌డేట్: బుడగలు ఆగిపోయిన నా పేల్ ఏల్ (ఇంట్లో కాచిన బీరు) సంగతి
పోయిన నెల అడిగా కదా, మూడో రోజుకే ఎయిర్‌లాక్‌లో (బకెట్ మూతకి పెట్టే, గ్యాస్‌ని బయటికి మాత్రమే పోనిచ్చే గొట్టం) బుడగలు ఆగిపోయాయి, 10 లీటర్లూ పారబోయాలా అని. పారబోయలేదు, బతికిపోయింది! మీరన్నట్టే హైడ్రోమీటర్ (ద్రవం సాంద్రత కొలిచేది) పెడితే 1.050 నుంచి 1.012కి దిగి మూడు రోజులు కదల్లేదు, అంటే ఈస్ట్ చక్కెరని ఆల్కహాల్‌గా మార్చే పని ముగించేసిందన్నమాట, ఆల్కహాల్ సుమారు 5 శాతం. తప్పంతా మన వైజాగ్ ఉక్కపోతది, గది 31 డిగ్రీలు, ఆ ఈస్ట్‌కేమో 20 చుట్టూ ఉండాలి, అందుకే పులియడం అంత పరుగున అయిపోయింది. కాస్కేడ్ హాప్స్ (బీరుకి చేదూ వాసనా ఇచ్చే ఒక రకం పువ్వులు) చివర్లో వేశా, మూత తీస్తే బత్తాయి తొక్క గిల్లినట్టు ఘుమఘుమ, తాగితే మాత్రం వెనకాల కాస్త పెయింట్ థిన్నర్ వాసన, అది వేడి పుణ్యమే. రెండో బ్యాచ్ బకెట్‌ని నీళ్ల టబ్బులో పెట్టి, తడి తువ్వాలు చుట్టి, రెండు పూటలా ఐసు బాటిళ్లు మారుస్తున్నా, ఫ్రీజర్లో వంజరం ముక్కలకి చోటేదిరా అని అమ్మ ఒకటే గొడవ.