హిట్లర్ సైన్యం మాస్కో ముందు ఓడింది చలికేనా? మా మామతో టీ పందెం

కావలి కుర్రోడు:
అన్నలూ, గ్రూప్ 2కి చదువుతున్నా. నిన్న ట్రంకు రోడ్డు మీద టీ కొట్టు దగ్గర మా మామకీ నాకూ వాదన పడింది. ఆయనది ఒకటే మాట, "రష్యాలో జర్మనీని కొట్టింది చలిరా, ఇంకేం కాదు" అని. మరి చలికే చచ్చిన సైన్యమైతే 1942 ఎండాకాలంలో వోల్గా ఒడ్డు దాకా ఎట్లా పోయింది మామా అంటే జవాబు లేదు గానీ టీ డబ్బులు పందెం కాశాడు. నా పుస్తకాల్లో తేదీలే ఉన్నాయి: 1941 జూన్ 22న దాడి, 30 లక్షల జర్మన్ సైనికులు, లెనిన్‌గ్రాడ్, మాస్కో, కీవ్ వైపు మూడు దండ్లు, డిసెంబర్‌లో మాస్కో ముందు ఆగిపోయారు. ఎందుకు ఆగారనేది ఎవరన్నా విడమరచి చెప్పండి.

మార్కాపురం పాత గార్డు:
అబ్బాయ్, నేను రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యా కాబట్టి నాకు ముందు పట్టాలే కనపడతాయి, ఏమనుకోకు. మా గుంటూరు గుంతకల్ లైను తొంభైల దాకా మీటర్ గేజే. ఇక్కడ పలకలు వ్యాగన్‌కి ఎత్తితే, బ్రాడ్ గేజ్ కలిసే చోట అన్నీ దించి, హమాలీలతో ఇంకో వ్యాగన్‌లోకి మార్చాలి. సగం రోజు అక్కడే పోయేది, పలకలు పగిలేవి, తిట్లు మేం తినేవాళ్లం. రష్యాలో రెండు పట్టాల మధ్య వెడల్పు 1524 మిల్లీమీటర్లు, జర్మనీలో 1435. తేడా తొమ్మిది సెంటీమీటర్లేగా అంటారు. నిజమే, చెక్క స్లీపర్లు కాబట్టి మేకులు పీకి ఒక పట్టా లోపలికి జరిపితే సరిపోయింది, జర్మన్ రైల్వే దళాలు అట్లాగే చేసుకుంటూ పోయాయి. అసలు తంటా నీళ్లతో వచ్చింది. రష్యా ఇంజన్లు పెద్దవి, ఎక్కువ నీళ్లు మోస్తాయి, అందుకని నీళ్ల ట్యాంకులు దూరం దూరంగా కట్టుకున్నారు. జర్మన్ ఇంజన్ అంత దూరం పోలేదు, మధ్యలో కొత్తవి కట్టాలి. ఉన్నవాటిని రష్యా వాళ్లు వెనక్కి పోతూ పోతూ పేల్చేశారు, ఇంజన్లూ వ్యాగన్లూ చాలావరకు తోలుకుపోయారు. రైలు ఆగిన చోటి నుంచి లారీలు. అవేమో ఫ్రాన్స్‌లోనూ ఇంకెక్కడెక్కడో పట్టుకొచ్చిన రకరకాల బళ్లు, ఒకదాని స్పేర్ పార్టు ఇంకోదానికి పట్టదు. ఇక మిగిలింది గుర్రాలు, ఆరు లక్షల పైచిలుకు. నవంబర్‌కి వచ్చే నాలుగు రైళ్లలో ఏం పంపాలి, గుండ్లా, పెట్రోలా, చలికోట్లా? కోట్లు పోలెండ్ స్టేషన్లలో పడి ఉన్నాయి. తర్వాత ఆ చలికి ఇంజన్ల బయటి పైపులు గడ్డకట్టి పగిలాయి, అది వేరే కథ.

నల్లరేగడి:
గార్డు గారు చెప్పింది కరెక్ట్. మాది అద్దంకి పక్కన పల్లె, వాన పడ్డాక మా రేగడి చేలో ట్రాక్టర్ దిగబడితే తీయడానికి ఇంకో ట్రాక్టర్ పోయి అదీ దిగబడ్డ రోజులు చూశాను, అందుకే 1941 అక్టోబర్ గురించి చదివితే నవ్వూ జాలీ రెండూ వచ్చాయి. మాస్కో మీదికి పెద్ద దాడి అక్టోబర్ 2న మొదలు, దాని పేరు టైఫూన్, అంటే మన తుపానే. వ్యాజ్మా, బ్రియాన్స్క్ దగ్గర లక్షల మంది సోవియట్ సైనికుల్ని చుట్టేశారు. ఆ వారంలోనే మొదటి మంచు పడి కరిగింది, తర్వాత వానలు, దారులన్నీ అడుసు. లారీలు ఇరుసు దాకా కూరుకుపోయాయి, అక్కడి రైతుల చిన్న గుర్రబ్బండ్లే కాస్త కదిలాయి. నవంబర్ నడిమికి నేల గడ్డకట్టాక మళ్లీ ముందుకు కదిలారు. చూశావా, మొదట్లో చలి వాళ్లకి మేలే చేసింది! ఈ మాట మీ మామకి చెప్పు. మాస్కోకి ముప్పై కిలోమీటర్ల దూరంలోకి వచ్చారు, అక్కడితో సరి. డిసెంబర్ 5న సోవియట్ ఎదురుదాడి మొదలైంది.

ఇంకోటి, ఆగస్టులో హిట్లర్ తన జనరల్ గుడేరియన్ ట్యాంకుల్ని మాస్కో దారి నుంచి దక్షిణానికి, కీవ్ వైపు తిప్పాడు. అక్కడ ఆరు లక్షల పైన ఖైదీలు దొరికారు గానీ నెల పోయింది. యుద్ధం అయ్యాక జనరళ్లందరూ తప్పంతా ఆయన మీదికే నెట్టారు. చచ్చినోడు జవాబు చెప్పలేడు కదా, నేనైతే ఆ మాటల్ని సగానికి సగం కొట్టేసి చదువుతా.

గిద్దలూరు ఎక్స్ సర్వీస్‌మ్యాన్:
పట్టాలూ బురదా లెక్కేశారు, మనుషుల్ని మరిచారు. మాస్కో దారిలో స్మోలెన్స్క్ దగ్గర జర్మన్లని రెండు నెలలు నిలబెట్టింది ఎవరు? నవంబర్ ఆఖరుకే జర్మన్లలో చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, ఆచూకీ లేనివాళ్లు ఏడు లక్షలు దాటారు, అంటే వచ్చినవాళ్లలో దాదాపు నాలుగో వంతు. ఇదంతా గట్టి చలి ముదరకముందే. అవతల రష్యా వాళ్లు 1,500కు పైగా ఫ్యాక్టరీలు ఊడదీసి రైళ్లకెక్కించి తూర్పున యురల్స్ కొండల వైపు తరలించారు.

తమ్ముడూ, నీ 1942 ప్రశ్నకి జవాబు ఇది. 41లో మూడు వైపులా కొట్టినోళ్లకి 42లో ఒక్క దక్షిణం వైపే కొట్టే సత్తా మిగిలింది, అదీ చమురు కోసం. వోల్గా ఒడ్డునున్న స్టాలిన్‌గ్రాడ్‌లో ఇరుక్కున్నారు, పక్కల కాపలాకి రుమేనియా సైన్యాన్ని పెట్టారు, నవంబర్ 19న సోవియట్లు సరిగ్గా అక్కడే పొడిచారు. 1943 ఫిబ్రవరి 2కి అంతా అయిపోయింది, 91 వేల మంది దాకా ఖైదీలు. సరే, అది చలికాలమే అనుకుందాం. కుర్స్క్ దగ్గర అదే ఏడాది జూలైలో ఓడారు. బెలారస్‌లో ఒక దండు మొత్తం తుడిచిపెట్టుకుపోయింది 1944 జూన్, జూలైల్లో. జూలైలో ఏం చలి?

ఇంకో మాట, అమెరికా నుంచి సాయంగా రష్యాకి పోయిన లారీల్లో చాలా భాగం ఇరాన్ మీదుగా పోయాయి. 1941 ఆగస్టులో ఆ ఇరాన్‌లోకి దిగిన బ్రిటిష్ దళాల్లో మన సిపాయిలున్నారు, ఇది గ్రూప్ 2కి పనికొస్తుందేమో రాసుకో.

కావలి కుర్రోడు:
జూలై మాట చెప్పగానే మామ కాసేపు గ్లాసు వంకే చూసి, "మరి నెపోలియన్?" అన్నాడు. ఏం చెప్పాలి?

మార్కాపురం పాత గార్డు:
ఆయన సైన్యం కూడా 1812 ఎండాకాలంలోనే, మాస్కో చేరేలోపే, సగం పైన తరిగిపోయింది. రోగాలు, ఆకలి, పారిపోయినవాళ్లు, దారిలో కాపలాకి వదిలేసినవాళ్లు. అప్పటికి రైలే లేదు నాయనా, నన్నడగొద్దు. టీ మాత్రం రెండు చెప్పించుకో.