పన్నెండేళ్ల టాబ్లెట్: దీని మీద ఇంకా టైం పెట్టొచ్చా?

సగంఛార్జ్:
బీరువా సర్దుతుంటే 2013లో కొన్న ఆండ్రాయిడ్ టాబ్లెట్ బయటపడింది. ఏడంగుళాల తెర, 1 జీబీ రామ్, 16 జీబీ స్టోరేజ్. అప్‌డేట్లు 4.4 దగ్గర ఆగిపోయాయి. రెండేళ్లుగా ఎవరూ ముట్టుకోలేదు. ఛార్జింగ్ పెడితే గంటన్నర దాకా ఉలుకూ పలుకూ లేదు. ఇక పోయిందనుకున్నాక ఖాళీ బ్యాటరీ బొమ్మ వచ్చింది.

ఆన్ అయితే అయింది గానీ, గ్యాలరీ నొక్కి లోపలికెళ్లి మంచినీళ్లు తాగి వచ్చినా ఇంకా తెరుచుకుంటూనే ఉంటుంది. కీబోర్డులో అక్షరం నొక్కితే రెండు సెకన్లకి పడుతుంది, అదీ రెండుసార్లు. 42% చూపిస్తున్నది వీడియో పెట్టగానే ఠపీమని ఆగిపోతుంది. బ్రౌజర్లో ఏ సైటు కొట్టినా కనెక్షన్ సురక్షితం కాదని ఒకటే గోల.

నాకు కావలసింది పీడీఎఫ్‌లు చదువుకోవడం, పాటలు వినడం, అంతే. మా ఆవిడ పారేయమంటోంది. తమ్ముడు కస్టమ్ రోమ్ (కంపెనీది కాక బయటివాళ్లు తయారుచేసిన ఆండ్రాయిడ్) ఎక్కిద్దాం అంటున్నాడు. మీరేమంటారు?

తాళంచెవి:
మీ ఆవిడ మాటే నాదీ. ఆండ్రాయిడ్ 4.4కి క్రోమ్ 2020లోనే 81వ వెర్షన్‌తో ఆగిపోయింది. గూగుల్ ప్లే సర్వీసెస్ 2023లో ఆగింది. ఆ తరవాత బయటపడిన ఏ సెక్యూరిటీ లోపానికీ మీ టాబ్లెట్‌లో మందు లేదు. రెండు ఆదివారాలు దీని ముందు కూర్చుంటే చివరికి దక్కేది పీడీఎఫ్ తెరిచే పలక. ఆ పని మీ చేతిలోని ఫోన్ ఇప్పుడే చేస్తుంది. కొండను తవ్వి ఎలుకను పట్టడం ఎందుకు?

టంకంపొగ:
తాళంచెవి గారూ, చూడకుండానే చావు కబురు చెప్పేస్తున్నారు. ఆయన చెప్పినవి ఒక జబ్బు లక్షణాలు కావు, మూడు వేరు వేరు జబ్బులు.

మొదట సైట్ల సంగతి. సగంఛార్జ్ గారూ, తేదీ చూశారా? బ్యాటరీ పూర్తిగా అడుగంటితే లోపలి గడియారం కూడా ఆగిపోతుంది. ఆన్ చేయగానే ఎప్పటిదో తేదీ చూపిస్తుంది. ప్రతి సైటుకీ తాను అసలుదేనని చూపే సర్టిఫికెట్ ఒకటి ఉంటుంది, దానికి ఫలానా రోజు నుంచి ఫలానా రోజు వరకు అని గడువు ఉంటుంది. టాబ్లెట్ తాను ఇంకా 2014లోనే ఉన్నాననుకుంటే, పోయిన నెల ఇచ్చిన సర్టిఫికెట్ దాని లెక్కలో పుట్టనే లేదు. ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్లి తేదీ మార్చండి.

మార్చినా కొన్ని తెరుచుకోవు. చాలా సైట్లు లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఇచ్చే సర్టిఫికెట్లు వాడతాయి. దాని సొంత రూట్ సర్టిఫికెట్, అంటే మిగతావాటిని నమ్మడానికి మూలమైనది, 7.1.1 కంటే పాత ఆండ్రాయిడ్‌లో లేదు. ఇంకో పాత సంస్థ సంతకం ఆసరాతో కొన్నాళ్లు నెట్టుకొచ్చారు, ఆ ఆసరా 2024 సెప్టెంబర్ 30తో పోయింది. ఫైర్‌ఫాక్స్ మాత్రం ఆండ్రాయిడ్ మీద ఆధారపడదు, రూట్ సర్టిఫికెట్ల జాబితా దానికి సొంతంగా ఉంటుంది. 4.4 మీద నడిచే చివరి ఫైర్‌ఫాక్స్ 68. అది పెడితే ఇప్పుడు మొరాయిస్తున్న సైట్లలో చాలావరకు తెరుచుకుంటాయి.

ఇక స్లో అవడం. స్టోరేజ్‌లో ఎంత ఖాళీ ఉంది?

సగంఛార్జ్:
తేదీ చూడలేదండీ. ఇప్పుడు చూస్తే 2014 జనవరి 1! మార్చాను. సగం సైట్లు వచ్చేశాయి. ఇంత చిన్నదానికి మూడు రోజులు తల పట్టుకున్నాను.

ఖాళీ 310 ఎంబీ. నిండా ఫోటోలే.

టంకంపొగ:
అదీ సంగతి. ఫ్లాష్ మెమరీలో ఉన్నదాని మీదే కొత్తది రాయడం కుదరదు. ఒక బ్లాకు మొత్తం చెరిపాకే అందులో రాయాలి. ఖాళీ ఉంటే ముందే చెరిపి సిద్ధంగా పెట్టుకుంటుంది. నిండిపోతే ప్రతి చిన్న రాతకీ అక్కడివి ఇక్కడ, ఇక్కడివి అక్కడ సర్దాలి. మీ బీరువా లాగే. ఒక చొక్కా దూర్చడానికి అరంతా దింపాలి.

ఏ బ్లాకులు ఖాళీ అయ్యాయో ఆండ్రాయిడ్ ఆ చిప్‌కి చెప్పడాన్ని ట్రిమ్ అంటారు. 4.3 నుంచి అది దానంతటదే జరుగుతోంది, అయితే టాబ్లెట్‌ని ముట్టుకోకుండా వదిలేసినప్పుడే, అదీ ఛార్జింగ్‌లో ఉంటేనో బ్యాటరీ బాగా నిండి ఉంటేనో. కాబట్టి కనీసం మూడు నాలుగు జీబీలు ఖాళీ చేసి ఒక రాత్రి అలా వదిలేయండి. తేడా మీకే తెలుస్తుంది.

నిదానం:
రాత్రంతా ఛార్జింగ్‌లో వదిలేయమని చెప్పకండి అన్నా. ఆ బ్యాటరీ రెండేళ్లు అడుగంటి ఉంది. లిథియం అయాన్ సెల్ వోల్టేజ్ మరీ కిందికి పడిపోయి చాలాకాలం అలాగే ఉంటే లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. మళ్లీ ఛార్జ్ చేసినప్పుడు ఆ రాగి ఎక్కడెక్కడో పేరుకుని లోపలే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. అందుకే ఛార్జింగ్ సర్క్యూట్ మొదట చుక్క చుక్కగా ఎక్కించి చూస్తుంది. మీరు చూసిన ఆ గంటన్నర మౌనం బహుశా అదే.

42% దగ్గర ఆగిపోవడం కూడా బ్యాటరీ ముసలితనమే. టాబ్లెట్ ఏ పనీ చేయకుండా ఉన్నప్పుడు వోల్టేజ్ బాగానే కనిపిస్తుంది. వీడియో పెట్టి కరెంట్ ఎక్కువ లాగగానే లోపలి నిరోధం వల్ల వోల్టేజ్ కూలిపోతుంది, టాబ్లెట్ స్విచాఫ్. శాతం చూపించే అంకెను నమ్మకండి.

బల్ల మీద వెల్లకిలా పెట్టి నాలుగు మూలలూ నొక్కి చూడండి. ఊగుతోందా? ఊగితే బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు.

రాత్రిపక్షి:
అందరూ డాక్టర్లే, ఆపరేషన్ చేసేవాళ్లు లేరు. తమ్ముడి మాటే కరెక్ట్. నా దగ్గరా 1 జీబీ రామ్‌దే, 2013 మోడల్. ఆండ్రాయిడ్ 7.1 కస్టమ్ రోమ్ ఎక్కించాను. గూగుల్ యాప్స్ అసలు పెట్టలేదు. ఒక పుస్తకాల యాప్, ఒక పాటల యాప్, ఒక బ్రౌజర్. ఒక్క ట్యాబ్ తెరిస్తే పరుగు, రెండోది తెరిస్తే మొదటిది మళ్లీ లోడ్ అవుతుంది. కెమెరా పని చేయదు, నాకు అక్కర్లేదు కూడా. మూడేళ్లుగా రోజూ చదువుతున్నాను.

రోమ్ ఎక్కించాక సర్టిఫికెట్ల గొడవ చాలామటుకు ఉండదు.

తాళంచెవి:
ఆ రోమ్ ఎవరు తయారు చేశారు? ఎక్కడో ఎవరో పెట్టిన జిప్ ఫైలు దించి, బయటి సిస్టమ్ ఎక్కనివ్వని బూట్‌లోడర్ తాళం తీసి, మొత్తం సిస్టమ్‌ని ఆ అపరిచితుడి చేతిలో పెట్టారు. పైగా రోమ్ కొత్తదైనా, వైఫై చిప్‌కీ గ్రాఫిక్స్‌కీ కంపెనీ ఇచ్చిన పాత డ్రైవర్లే అడుగున ఉంటాయి. వాటిలోని బొక్కలు పూడ్చేవాడు లేడు. పైన రంగు వేసినంత మాత్రాన పునాది కొత్తదవదు. 7.1 కూడా ఇప్పుడు పాతదే, క్రోమ్ దాన్నీ 119వ వెర్షన్‌తో వదిలేసింది.

రాత్రిపక్షి:
పాటలు వినే పలకలో దొంగ ఏం ఎత్తుకుపోతాడు సార్? బ్యాంకు యాప్ లేదు, మెయిల్ లేదు. ఇంట్లో వైఫై ఉన్నా ఆపేసే ఉంచుతాను, పుస్తకాలు మెమరీ కార్డులో వేసుకుంటాను.

తాళంచెవి:
మీరు అలా వాడతారు, ఒప్పుకుంటాను. పిల్లలు తీసి ఏదో ఒక యాప్‌లో లాగిన్ అయితే? "లాగిన్ లేకుండా వాడాలి" అనే షరతు మొదటి పోస్టులోనే రాసి ఉంటే నేనింత గొడవ చేసేవాడిని కాదు.

గాజుపలక:
మధ్యలో దూరుతున్నాను. నాది 2013 ఐప్యాడ్ ఎయిర్. ఐఓఎస్ 12 దగ్గర ఆగింది, దానికీ 2023 జనవరి దాకా సెక్యూరిటీ ప్యాచ్ ఇచ్చారు, అది మెచ్చుకోవాలి. యాప్ స్టోర్‌లో పాత యాప్ నొక్కితే "మీ పరికరానికి సరిపోయే చివరి వెర్షన్ దించుకుంటారా" అని అడుగుతుంది. కొన్ని అలా వచ్చాయి, కొన్ని వచ్చాక కూడా "అప్‌డేట్ చేయండి" అంటూ తలుపు తీయవు. కస్టమ్ రోమ్ మాట అక్కడ లేనే లేదు. అద్దం జిగురుతో అతికించి ఉంటుంది కాబట్టి బ్యాటరీ మార్చాలన్నా వేడి చేసి అద్దం లేపాలి. నేను లేపబోతే మూల పగిలింది. తప్పు నాదే, తొందరపడ్డాను. ప్లాస్టిక్ కార్డు అర సెంటీమీటరు ఎక్కువ దూర్చాను.

రాత్రిపక్షి:
ఏదేమైనా మొదట ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి సగంఛార్జ్ గారూ. ఐదు నిమిషాల పని. చూసుకుని తరవాత రోమ్ సంగతి.

నిదానం:
వద్దు! ఫోటోలు నిండా ఉన్నాయన్నారు కదా. మా ఇంట్లో ఇదే జరిగింది. స్లో అవుతోందని ఒక సాయంత్రం నేనే రీసెట్ కొట్టాను, గర్వంగా అందరికీ చూపించాను కూడా. రాత్రి అన్నం దగ్గర మా అక్క అడిగింది: "నాన్న గొంతు రికార్డు చేసింది అందులోనే ఉంది కదా, తీశావా?" నేను తల ఎత్తలేదు. అప్పటి నుంచి ఎవరు రీసెట్ అన్నా నాకు టెన్షనే.

ముందు ఫోటోలు బయటికి తీయండి. డౌన్‌లోడ్స్, వాయిస్ రికార్డులు, చాట్ యాప్ ఫోల్డర్లు కూడా. ఆ తరవాత మీ ఇష్టం.

మట్టికుండీ:
ఎవరూ మాట్లాడని విషయం ఒకటుంది. ఒక టాబ్లెట్ వల్ల జరిగే కాలుష్యంలో ఎక్కువ భాగం దాన్ని తయారు చేసేటప్పుడే జరిగిపోతుంది, వాడేటప్పుడు అయ్యే కరెంటు చాలా తక్కువ. కాబట్టి ఉన్నదాన్ని ఇంకో మూడేళ్లు లాగడమే మేలు.

తాళంచెవి:
ఆ లెక్క నిలబడాలంటే పాతది బతికించి కొత్తది కొనకుండా ఉండాలి. మనం చేసేది ఏమిటి? పాతదానికి బ్యాటరీ తెప్పిస్తాం, రోమ్ ఎక్కిస్తాం, నెలరోజులు మురుస్తాం, కొత్తది కూడా కొంటాం. ఇప్పుడు రెండు టాబ్లెట్లు, మూడు బ్యాటరీలు. నేను చేశాను కాబట్టే చెబుతున్నాను.

మట్టికుండీ:
ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. నా సొరుగులో కూడా రెండున్నాయి.

సగంఛార్జ్:
నిదానం గారి మాట విని రోమ్, రీసెట్ పక్కన పెట్టాను. కంప్యూటర్‌కి కేబుల్ పెట్టి ఫోటోలు లాగుతున్నాను. 1,100కి పైగా ఉన్నాయి. 900 అయ్యాయి.

కాపీ అవుతుండగానే మూలలు నొక్కి చూశాను. ఊగట్లేదు గానీ, ట్యూబ్‌లైటు కింద పక్కకి తిప్పితే ఎడమ అంచున అద్దానికీ ఫ్రేముకీ మధ్య సన్నని నల్లగీత కనిపించింది. కుడివైపు ఆ గీత లేదు. బిల్లు కాగితం ఒకటి దూర్చి చూస్తే వేలిగోరంత లోపలికి పోయింది. వెనక మూత కూడా మధ్యలో కాస్త పొంగినట్టుంది. ఇది అదేనా?

నిదానం:
అదే. బ్యాటరీ ఉబ్బింది, లోపల గ్యాస్ పుట్టి అద్దాన్ని పైకి నెడుతోంది. నొక్కి మూసే ప్రయత్నం చేయకండి. కేబుల్ ఇప్పుడే తీసేయండి.

సగంఛార్జ్:
ఛార్జర్ కాదండీ, కంప్యూటర్ కేబులే.

టంకంపొగ:
కంప్యూటర్ కేబుల్ కూడా ఛార్జ్ చేస్తుంది సార్, నెమ్మదిగా అంతే. తీసేయండి. రాత్రంతా వదిలేయమన్న నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను, నిదానం గారు చెప్పిందే రైటు.

సగంఛార్జ్:
తీశాను. బ్యాటరీ 31% చూపిస్తోంది. ఇంకా 200 పైన ఫోటోలు మిగిలాయి, అవన్నీ మా అమ్మవే. స్విచాఫ్ చేయనా, కానివ్వనా?

తాళంచెవి:
స్విచాఫ్. ఫోటోల కోసం ఇల్లు కాల్చుకుంటారా?

టంకంపొగ:
చెయ్యి పెడితే వేడిగా ఉందా? వింత వాసన ఏమైనా వస్తోందా? రెండూ లేకపోతే, ఛార్జింగ్ లేకుండా ఒక అరగంట నడపడాన్ని నేనైతే తప్పనను. పరుపు మీద, పుస్తకాల మధ్య వద్దు. గచ్చు మీద పెట్టి, పక్కనే ఉండండి. మెమరీ కార్డు స్లాట్ ఉందా? వైఫై వద్దు, ఎక్కువ లాగుతుంది. తెర వెలుగు అడుగుకి తగ్గించండి.

నిదానం:
నేను దీనికి పూర్తిగా ఒప్పుకోను. కానీ ఆ 200 ఎవరివో విన్నాక ఆపమని కూడా అనలేను. వేడెక్కితే మాత్రం మిగిలినవి వదిలేసి దూరంగా జరగండి. అయిపోయాక పారవేసేటప్పుడు ఇంటి చెత్తలో వేయకండి, బ్యాటరీలు తీసుకునే చోటే ఇవ్వండి. పొడవకండి, వంచకండి.

సగంఛార్జ్:
వేడి లేదు, వాసన లేదు. కార్డు స్లాట్ ఉంది, పాత ఫోన్లోది 8 జీబీ కార్డు దొరికింది. వరండాలో గచ్చు మీద పెట్టి పీట వేసుకుని కూర్చున్నాను. 27%. 140 అయ్యాయి.