మార్సియానో 49-0: ఓడించింది ఛాంపియన్లనా, ఓపిక అయిపోయిన ముసలాళ్లనా?

కార్నర్_స్టూల్:
హెవీవెయిట్ బాక్సింగ్ ఛాంపియన్ రాకీ మార్సియానోకి 49 గెలుపులు, అందులో 43 నాకౌట్లు, ఓటమి లేదు. పెద్ద పేర్ల పక్కన వయసు రాసి చూడండి. 1951 అక్టోబర్‌లో జో లూయిస్‌కి 37. 1952 సెప్టెంబర్‌లో జెర్సీ జో వాల్కాట్‌కి 38. 1955లో ఆర్చీ మూర్‌కి తక్కువలో తక్కువ 38, అతను 1913లో పుట్టాడన్న లెక్క నమ్మితే 41. ఎజర్డ్ చార్ల్స్‌కి 32 అయినా, 1940 నుంచీ ప్రొఫెషనల్‌గా దెబ్బలు తింటున్నవాడే. ఇంత పలచటి జాబితాని పట్టుకుని గొప్పోడు అంటే ఎలా?

లెఫ్ట్‌హుక్:
వయసు ఒక్కటే చూస్తే ఎవరి రికార్డునైనా పడగొట్టొచ్చు అన్నా. ముందు ఆ ప్రత్యర్థి అంతకు ముందు రెండేళ్లలో ఎవరితో ఆడాడు, ఎన్ని రౌండ్లు ఆడాడు, ఎలా ముగించాడు అన్నది తియ్యాలి. ఆ తర్వాత ఏడాదిన్నరలో ఏం చేశాడో కూడా చూడాలి, కానీ దాన్ని సగమే నమ్మాలి. తర్వాత పడిపోవడానికి కారణం ఈ ఫైట్‌లో తిన్న దెబ్బలే కావచ్చు కదా.

వాల్కాట్‌నే తీసుకో. 1951 జులైలో చార్ల్స్‌ని ఏడో రౌండ్‌లో నాకౌట్ చేసి టైటిల్ పట్టాడు, 1952 జూన్‌లో మళ్లీ అతన్నే పాయింట్ల మీద ఓడించాడు. మూడు నెలలకి ఫిలడెల్ఫియాలో మార్సియానోని మొదటి రౌండ్‌లోనే కింద పడేశాడు. 12 రౌండ్లయ్యేసరికి స్కోరు వేసే ముగ్గురి కార్డుల్లోనూ వాల్కాటే ముందు. 13లో ఒక్క కుడిచేతి దెబ్బకి పోయింది. 38 ఏళ్లైతేనేం, ఆ రాత్రి అతను మంచి ఊపు మీదున్న ఛాంపియన్. అదే మనిషి 1953 మేలో షికాగో రీమ్యాచ్‌లో ఒక్క రౌండ్ కూడా నిలవలేదు. దాన్ని ఇంకో పెద్ద గెలుపు కింద కలపకూడదు.

లూయిస్ విషయంలో నీతో ఏకీభవిస్తా. 1950లో చార్ల్స్ చేతిలో ఓడాక వరసగా ఎనిమిది గెలిచాడు, చూడ్డానికి బాగుంటుంది. విప్పి చూస్తే అందులో ఐదు పాయింట్ల మీద. ఒకప్పుడు అందరినీ పడుకోబెట్టినవాడికి ఇది మామూలు సంగతి కాదు: జాబ్ (ఎడంచేత్తో సూటిగా వేసే చిన్న దెబ్బ) మిగిలింది, కుడిచేతి దెబ్బలో బలం పోయింది. మార్సియానో కన్నా పాతిక పౌండ్లు ఎక్కువ బరువుండీ ఎనిమిదో రౌండ్‌లో తాళ్ల మీద నుంచి బయటికి పడ్డాడు.

రౌండ్_15:
ఇదే పద్ధతి చార్ల్స్‌కి కూడా పెట్టండి మరి. 1953 ఆగస్టులో నీనో వాల్డెస్ చేతిలో, సెప్టెంబర్‌లో హెరాల్డ్ జాన్సన్ చేతిలో ఓడాడు. తర్వాత కోలీ వాలెస్‌నీ, బాబ్ శాటర్‌ఫీల్డ్‌నీ నాకౌట్ చేశాడని టైటిల్ ఫైట్ ఇచ్చేశారు. అతన్ని ఓడించిన వాల్డెస్‌కి మాత్రం ఎప్పటికీ రాలేదు. ప్రత్యర్థుల నాణ్యత లెక్కేసేటప్పుడు ఆడకుండా వదిలేసినవాళ్ల కోసం ఇంకో గడి ఉండాలి.

లెఫ్ట్‌హుక్:
1954 వరకూ ఆ మాట నిలుస్తుంది. 1955 మేలో మూర్ 15 రౌండ్లు ఆడి వాల్డెస్‌ని ఓడించాడు, టైటిల్ ఛాన్స్ మూర్‌కి దక్కింది, సబబే. కానీ ‘వాల్డెస్ చార్ల్స్‌ని కొట్టాడు కాబట్టి మార్సియానోని కూడా కొట్టేవాడు’ అనే లెక్క మాత్రం తేవొద్దు. రెక్స్ లేన్ 1950లో వాల్కాట్‌ని ఓడించాడు, ఆ లేన్‌ని మార్సియానో 1951లో ఆరో రౌండ్‌లో ముగించాడు. ఆ లెక్కన వాల్కాట్ సులువుగా పడాలి. పడలేదుగా!

పాత_గ్లవ్స్:
ఓటమి లేని కుర్రాళ్లు కావాలంటే రోలాండ్ లాస్టార్జా ఉన్నాడు. 1950 మార్చిలో అతని వయసు 22, రికార్డు 37-0. మార్సియానో స్ప్లిట్ డెసిషన్‌తో (స్కోరు వేసే ముగ్గురిలో ఇద్దరు ఇటు, ఒకరు అటు) వెంట్రుకవాసిలో గట్టెక్కాడు. విచిత్రమేంటంటే ఈ జాబితాలో ముసలాళ్ల మీద గెలుపులే ఇంతకన్నా స్పష్టంగా ఉన్నాయి.

ఎవరు ఎవర్ని ఎప్పుడు ఓడించారన్న వరస చూడకపోతే ఏమవుతుందో డాన్ కాకెల్ చూపిస్తాడు. 1954 మార్చిలో లాస్టార్జాని ఓడించాడు కాబట్టి కాగితం మీద మంచి ఛాలెంజరే. కానీ ఆరు నెలల ముందే ఆ లాస్టార్జా మార్సియానో చేతిలో 11 రౌండ్లు తిన్నాడు, చేతుల మీద రక్తనాళాలు చిట్లేలా. అరిగిపోయినవాణ్ని ఓడించి తెచ్చుకున్న ర్యాంక్ అది. పేర్లు మాత్రమే చూసేవాళ్లు ఇక్కడే పప్పులో కాలేస్తారు.

కార్నర్_స్టూల్:
సరే, మీ పద్ధతిలోనే మార్కులేస్తా. ఏడు టైటిల్ ఫైట్లు. మొదటి వాల్కాట్‌కి పూర్తి. 15 రౌండ్లు నిలబడ్డ మొదటి చార్ల్స్‌కి ముప్పావు, మార్సియానో ముక్కు చీల్చిన రెండో చార్ల్స్‌కి సగం. రెండో వాల్కాట్, కాకెల్, రెండో లాస్టార్జా సున్నా. మూర్‌కి సగమే, లైట్ హెవీవెయిట్ (హెవీవెయిట్‌కి కింది బరువు తరగతి) మనిషి కాబట్టి. మొత్తం రెండుముప్పావు. దీన్నే పలచన అన్నాను.

పాత_గ్లవ్స్:
మూర్‌కి సగమా? మార్సియానో బరువే 188 పౌండ్లు, ఆ రాత్రి ఇద్దరూ దాదాపు సమానం. ఫైట్‌కి ముందు వాల్డెస్, బోబో ఓల్సన్ ఇద్దర్నీ ఓడించి వచ్చాడు, రెండో రౌండ్‌లో మార్సియానోని పడేశాడు, తర్వాత కూడా 1958లో ఇవాన్ డ్యూరెల్ అనే బాక్సర్ చేతిలో మొదటి రౌండ్‌లోనే మూడుసార్లు పడి లేచి గెలిచి తన లైట్ హెవీవెయిట్ టైటిల్ నిలుపుకున్నాడు. ముందూ వెనకా రెండు వైపులా నిలిచినవాడు ఈ జాబితాలో అతనొక్కడే. మూర్‌కి పూర్తి మార్కు వేసి మళ్లీ కూడండి.