వాణిజ్య వివాదాలపై వర్ధమాన దేశాలకు శిక్షణ: అక్కరకొస్తుందా, కంటితుడుపా?

పాతఫైలు:
ప్రపంచ వాణిజ్య సంస్థ, అంక్టాడ్ (ఐక్యరాజ్యసమితి వాణిజ్య, అభివృద్ధి విభాగం) లాంటివి వర్ధమాన దేశాల అధికారులకు వాణిజ్య, పెట్టుబడి వివాదాలపై కోర్సులు నడుపుతుంటాయి. నా దృష్టిలో ఇది కంటితుడుపు. తన ఆన్‌లైన్ జూదం కంపెనీలను అమెరికా అడ్డుకుందని ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేసి, కరీబియన్ చిన్న దేశం ఆంటిగ్వా-బార్బుడా గెలిచింది. నష్టం ఏడాదికి 2.1 కోట్ల డాలర్లని 2007లో మధ్యవర్తులు లెక్కగట్టారు. గెలిచి ఏం లాభం? ఏళ్లు గడిచినా రాజీ కుదరలేదు. పైగా ప్రపంచ వాణిజ్య సంస్థలో తీర్పులపై అప్పీళ్లు వినే విభాగం 2019 డిసెంబరు నుంచి మూలనపడింది. లేనిది బలమండీ, చదువు కాదు.

సందేహి:
మరి బంగ్లాదేశ్? తన బ్యాటరీల మీద భారత్ వేసిన యాంటీ డంపింగ్ సుంకంపై (మరీ చవగ్గా దిగుమతయ్యే సరుకుపై వేసే అదనపు పన్ను) 2004లో ఫిర్యాదు చేసింది. అత్యంత వెనకబడిన దేశాల్లో ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేసిన మొదటిది అదే. ప్యానెల్ (కేసు విని తీర్పు చెప్పే బృందం) దాకా పోకుండానే, సంప్రదింపులతోనే 2005లో భారత్ సుంకం ఎత్తేసింది. బలం లెక్క చూస్తే ఇది జరగాల్సింది కాదు.

పాతఫైలు:
వెనక నిలబడింది ఎవరు? ప్రపంచ వాణిజ్య సంస్థ కేసుల కోసం జెనీవాలో ఉన్న న్యాయ సలహా కేంద్రం. 2001 నుంచి పేద దేశాలకు తక్కువ ఫీజుతో వాదిస్తోంది. నేననేదీ అదే, డబ్బు లాయర్లకు పెట్టండి, క్లాసులకు కాదు.

ఇన్‌వర్డ్ గుమాస్తా:
ఇద్దరూ కేసు పడ్డాక సంగతే మాట్లాడుతున్నారు. నేనొక ప్రభుత్వ శాఖలో పనిచేశాను, పేరు వద్దు. ఒక విదేశీ ఇన్వెస్టర్ నుంచి నోటీసు వచ్చింది. మామూలు ఉత్తరంలాగే స్టాంపు వేసి, నంబరిచ్చి, సెక్షన్‌కు పంపాం. అక్కడ ఎవరో పైన "ఫైల్ చేయండి" అని రాశారు, అంతే. ఒప్పందం ప్రకారం రాజీకి ఆరు నెలల గడువు ఆ రోజే మొదలైందని మాకెవరికీ తెలీదు. న్యాయశాఖకు తెలిసేసరికి మిగిలింది మూడు వారాలు. కోర్సుకు వెళ్లొచ్చిన ఆఫీసరొకాయన ఉండేవారు లెండి. అప్పటికే బదిలీ అయి ఇంకేదో శాఖలో కూర్చున్నారు. లాయరెంత గొప్పవాడైనా ఉత్తరం అందాలి కదా!

సందేహి:
నైజీరియా గ్యాస్ ప్లాంటు గుర్తొస్తోంది. ఒక విదేశీ కంపెనీతో ఒప్పందం చేసుకున్నారు, ప్లాంటు కట్టనే లేదు, కానీ ఆ కంపెనీకి 660 కోట్ల డాలర్లు కట్టాలని 2017లో మధ్యవర్తుల తీర్పు పడింది, వడ్డీతో 1,100 కోట్లు దాటింది. 2023లో లండన్ హైకోర్టు దాన్ని కొట్టేసింది. లంచాలు, అబద్ధపు సాక్ష్యం బయటపడ్డాయి. నైజీరియా లోపలి న్యాయ సలహా పత్రాలు అవతలి కంపెనీ చేతిలో ఉన్నాయని కూడా తేలింది. ఒప్పందం రాసేటప్పుడు, పత్రాలు దాచేటప్పుడు మనవైపు మనిషి లేకపోతే ఇంతే.

పాతఫైలు:
లంచం తిన్నవాడికి ఏ కోర్సు పెడతారండీ?

ఇన్‌వర్డ్ గుమాస్తా:
వాడికి పెట్టమని ఎవరన్నారు? ఒప్పందం ముసాయిదా చూసే పదిమందికి, టపా విప్పే ఇద్దరికి పెట్టండి. మూడేళ్లు బదిలీ చేయకండి. జెనీవా విమానం టికెట్ కంటే తక్కువే అవుతుంది.

పాతఫైలు:
టపా విప్పేవాళ్ల కోర్సుకైతే నేనూ చేయెత్తుతా. ఆంటిగ్వా మాటకు మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు.

సందేహి:
సగం చెబుతా. సరుకుల మీద సుంకం వేస్తే దెబ్బ తనకే తగులుతుందని తెలిసే, అమెరికా మేధోహక్కులను (కాపీరైట్, పేటెంట్ లాంటివి) పక్కనపెట్టే అనుమతి అడిగింది ఆంటిగ్వా. ఆ దారి ఉందని తెలియడమూ చదువే. మిగతా సగానికి నా దగ్గరా జవాబు లేదు.